వేణత్త కుడిచేతి గాజులు

గాజును పగలగొట్టడం హైమ ఉద్యోగం.

విశాఖపట్నంలో సముద్రం హోరు వినిపించేంత దగ్గర్లో, సముద్రం మాత్రం కనిపించని ఒక వీధిలో ఉన్న పరిశోధనాశాలలో ఆమె మెటీరియల్స్ ఇంజనీరు. పొద్దున వెళ్ళగానే కొలిమి గదిలోంచి గాజు వలయాలు తెచ్చుకుంటుంది. ఒక్కొక్కదాన్నీ యంత్రం దవడల మధ్య నిలబెట్టి మెల్లగా నొక్కుతుంది. ఎంత బరువుకు ఎక్కడ చిట్లిందో చూసుకుంటుంది. గాజు బలాన్ని పరీక్షించడానికి పలకలకంటే వలయాలే నయమని ఆమె నమ్మకం. పలకను అంచుల దగ్గర ఎలా కోశామన్న దాన్నిబట్టి బలం మారిపోతుంది. వలయానికి కోసిన అంచులుండవు కాబట్టి అది దాచుకునేది ఏమీ లేదు. సాయంత్రానికి బల్ల కింద తొట్టి నిండా ముక్కలు చేరతాయి.

ఈ సంగతి మొదటిసారి విన్నప్పుడు ఆమె మేనత్త సత్యవేణి పిండిమిల్లు ఆపి మరీ నవ్వింది.

"ఇంతింత సదువులు సదివి, గాజులు పగలగొట్టడానికా కోడలా నీకు జీతమిస్తన్నారు? నాను రోజూ ఊరికినే పగలగొడతన్నాను. ఓ కాఫీ ఇచ్చినోళ్ళు లేరు."

అది నిజమే. నీలంపేటలో ఆ ఒక్క మిల్లే ఉంది. దాన్ని నడిపేది వేణత్తే. మాట్లాడితే చేతులూపకుండా మాట్లాడలేదు, పని చేస్తే నిదానంగా చెయ్యలేదు. బెల్టు తగిలిస్తుంటే రెండు గాజులు, గోధుమ సంచి ఎత్తుతుంటే మరో రెండు టపటపా రాలిపోయేవి. పిండిలో గాజు ముక్క పడిందేమోనని జల్లెడ పట్టేసరికి ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చేది. చేతులు బోసిగా మాత్రం ఉండనిచ్చేది కాదు. వారం వారం మానాపురం సంతకెళ్ళి డజను గాజులు తేవడం మావయ్య సన్యాసిరావు పని.

"ఈ ఇంట్లో మనుసుల తిండికన్నా గాజుల కర్సే ఎక్కువ," అని ఆయన సణిగేవాడు. సణుగుతూనే సంతలో గాజుల కొట్టు ముందు గంటసేపు కూర్చుని, ఎండలో ఒక్కో రంగూ తిప్పి చూసి ఎంచేవాడు.

హైమా, ఆమె పై అధికారి రుక్మాంగదం గారూ చెయ్యాలనుకున్నది పగలని గాజు కాదు. అలాంటిది ఉండదని ఆ గదిలో అందరికీ తెలుసు. వాళ్ళకు కావలసింది పగిలాక తనంతట తానే అతుక్కునే గాజు, వేలు తెగితే చర్మం మళ్ళీ కూడుకున్నట్టు. ఇసుక, సోడా, సున్నం కలిసిన మామూలు గాజులో ఒక మెత్తని పదార్థాన్ని జుట్టుకన్నా సన్నటి పోగులుగా దూరుస్తున్నారు. గాజు చిట్లితే ఆ పోగులు పాకం తీగలా సాగి, విడిపోయిన అంచుల్ని మళ్ళీ దగ్గరకు లాగాలి. అంచుల్లోని అణువులు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. కాగితం మీద చక్కగా పట్టుకుంటున్నాయి. బల్ల మీద పట్టుకోవడం లేదు. రెండేళ్ళుగా అదే వరస.

ఒక మే నెల మధ్యాహ్నం యంత్రంలో ఇంకో వలయం చిట్లింది. పగుళ్ళ మధ్య పోగులు సాగాయి కాని, కదలకుండా అలాగే ఉండిపోయాయి. హైమకు ఏడుపొచ్చినంత పనైంది. నలుగురిలో ఏడవడం ఆమెకు చేతకాదు, అసలు నలుగురిలో గట్టిగా దగ్గడం కూడా చేతకాదు. ఆ వలయాన్ని తొట్టిలో పడేయడం మరిచిపోయి, గుప్పిట్లో బిగించుకుని, ఎదురుగా ఉన్న టీ బండి దగ్గరకు నడిచింది. ఎండ మాడిపోతోంది.

"గాజు సేత్తో పట్టుకు తిరుగుతారేటండి, తొడుక్కోండి," అన్నాడు టీ బండి సూరిబాబు గ్లాసు అందిస్తూ.

హైమ గుప్పిట తెరిచింది. వలయం నిండుగా ఉంది. పగులు లేదు, గీత కూడా లేదు. గోరుతో తడిమింది. రెండు చేతులా పట్టి గుంజింది. రాలేదు. టీ తాగకుండా గ్లాసు సూరిబాబు చేతికే తిరిగిచ్చి లోపలికి పరుగెత్తింది.

"సార్, మనకు చలేస్తోంది," అంది రొప్పుతూ.

రుక్మాంగదం గారు కళ్ళద్దాల పైనుంచి చూశారు. "నాకైతే వేస్తోంది. అందుకే స్వెటర్ వేసుకున్నాను. ఏం?"

"మనం స్వెటర్లు వేసుకున్నాం. గాజుకు వెయ్యలేదు."

ఆయన లేచి వెళ్ళి ఏసీ కట్టేశారు. కిటికీలు తెరిపించారు. యంత్రాలు వేడెక్కకూడదని ఇన్నాళ్ళూ ఆ గదిని చల్లటి గుహలా ఉంచింది ఆయనే. కాసేపటికి గదిలో అందరూ చెమటలు కక్కుతూ, గుప్పిట్లో తలో విరిగిన వలయం పట్టుకుని, గుడ్లు పొదిగే కోళ్ళలా కూర్చున్నారు. ముందు కొలిమి దగ్గర పనిచేసే ఖాదర్ గుప్పిట తెరిచాడు. తర్వాత రుక్మాంగదం గారు తెరిచారు. యాభై దాటిన ఆ మనిషి వలయాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి, ఎవరూ చూడటం లేదనుకుని, బల్ల చుట్టూ చిన్న గంతు వేశారు. ఆ సాయంత్రం అందరికీ ఖాదర్ మడత కాజాలు తెచ్చాడు.

ఒంటి వేడి తగిలితే ఆ గాజు మేలుకుంటుంది. చలిలో నిద్రపోతుంది. ఇంకా తెలియనిది ఒక్కటే: రోజూ వాడుకలో అది ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది.

"చెమట తగలాలి, సబ్బు తగలాలి, దుమ్ము తగలాలి, పొద్దస్తమానం దెబ్బలు తగలాలి, ఒంటి వేడి మాత్రం తప్పకూడదు," అన్నారు రుక్మాంగదం గారు. "అలాంటి యంత్రం ఎక్కడ దొరుకుతుంది?"

"మా అత్త చెయ్యి ఉంది సార్," అంది హైమ.

*

ఆ ఆదివారం హైమ అరడజను వలయాలు రుమాల్లో చుట్టుకుని నీలంపేట వెళ్ళింది. తీరం ఇసుకలో కాస్త ఇనుముండటం వల్ల ఆ గాజుకు లేత ఆకుపచ్చ రంగు వచ్చింది. అరటి మొవ్వ విచ్చుకునేటప్పుడు ఉండే రంగు. వేణత్త వాటిని చూడగానే ముచ్చటపడింది. కాకపోతే అవి యంత్రం కొలతకు చేసినవి, ఆవిడ చేతి కొలతకు కాదు. సబ్బు నురగ పూసి, వేళ్ళు ముడిచి, పిడికిలి నొక్కి కుడి చేతికి ఎక్కించేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది.

"ఓలమ్మో, ఎముకలు పిండీసినావే. ఇక జనమలో ఊడవు ఇయ్యి."

"ఊడకూడదనే అత్తా."

సన్యాసిరావు మావయ్యకు నమ్మకం కుదరలేదు. లారీ మెకానిక్కుగా జీవితమంతా ఇనుముతో గడిపిన మనిషి, గాజు అతుక్కుంటుందంటే నవ్వాడు. తూకం రాయి తీసుకొచ్చాడు.

"సెయ్యిలాగెట్టు."

"నా సెయ్యి ఇరగ్గొడితే రేపు మిల్లు నువ్వే ఆడించాల, తెలిసిందా?"

ఆయన భయపడుతూ భయపడుతూ ఒక గాజు మీద తట్టాడు. టిక్‌మంది. సన్నటి తెల్లగీత పడింది. ముగ్గురూ వంగి చూస్తూండగానే, అద్దం మీద ఊదిన ఆవిరి చెరిగిపోయినట్టు ఆ గీత అంచుల నుంచి కరిగి మాయమైపోయింది. మావయ్య కళ్ళద్దాలు తీసి లుంగీతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇంకోపాలి," అన్నాడు.

ఆ ఇంకోపాలి ఎన్నిసార్లయిందో, పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తేగాని ఆపలేదు. తర్వాత ముగ్గురూ మాడిన అన్నంలోనే మజ్జిగ పోసుకుని నవ్వుకుంటూ తిన్నారు. చేతులు కడుక్కుని వచ్చాక మాత్రం మావయ్య గుమ్మంలో కూర్చుని కాస్త మూగబోయాడు.

"ఏటయింది?" అంది వేణత్త.

"ఏటీ లేదు. ఇవి ఇరగవు కదా. మరయితే లచ్చివారం నాను సంతకెందుకెళ్ళాల?"

కొత్త పదార్థం ఏ పనిని తప్పిస్తుందో హైమ ఎన్నోసార్లు లెక్క వేసింది. ఆ పని ఒకరికి ఇష్టమైన పని కావచ్చునని ఎప్పుడూ అనుకోలేదు. వేణత్త మాత్రం ఆలోచించడానికి కూడా ఆగలేదు. ఎడమ చెయ్యి చాచి ఆయన ముక్కు ముందు ఆడించింది.

"నిన్నటియి పగిలిపోయి ఇది కాళీగుంది కనబడ్డం లేదేటి? కుడి సెయ్యి నా కోడలిది. ఎడం సెయ్యి నీది. ఎడం సేతికి ఆ సిల్లర రంగులు తేకు, మంచియి తే."

మావయ్య గొంతు సవరించుకుని, "మంచియంటే మంచి కర్సు," అన్నాడు. మొహం మాత్రం వెలిగిపోయింది.

తర్వాతి నెలలన్నీ హైమకు పండగలా గడిచాయి. వారం వారం అత్త ఫోను చేసేది. బెల్టు తెగి తగిలిందనీ, గాజులకేమీ కాలేదనీ చెప్పేది. ఊరి పిల్లలంతా మిల్లు ముందు చేరి, "పిన్నీ, ఓపాలి గోడకేసి కొట్టవా" అని అడుగుతున్నారనీ, తాను కొట్టి కొట్టి గోడకి సున్నం రాలిందనీ చెప్పేది. సంతలో గాజులమ్మే మనిషి తనకు దణ్ణం పెట్టి, "ఆ కుడిచెయ్యి కొంగులో దాసుకోమ్మా, బేరాలు పోతన్నాయి" అన్నాడట. అది చెప్పేటప్పుడు అత్త ఎంత నవ్విందంటే ఫోను చేతిలోంచి జారిపోయింది. హైమ ఇవన్నీ పొడిపొడి మాటల్లోకి మార్చి రుక్మాంగదం గారికి అందించేది. ఆయన చదివి, "గోడ సున్నం సంగతి కూడా రాయమ్మా, అది దెబ్బ బలానికి సాక్ష్యం," అనేవారు.

*

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం సన్యాసిరావు సంత నుంచి వచ్చాడు. ఎర్ర గాజుల పొట్లం విప్పి వేణత్త ఎడమ చేతికి తానే తొడిగాడు. వంకాయ కూర బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు. మిల్లు ముందు కుర్చీలో కునుకు తీశాడు. మళ్ళీ లేవలేదు. బాధ పడకుండా, ఎవరినీ బాధ పెట్టకుండా వెళ్ళిపోయాడని ఊరంతా అన్నారు. వేణత్త ఆ రోజు నుంచి చేతులూపకుండా మాట్లాడింది. అదే చూడలేకపోయింది హైమ.

పదో రోజు దగ్గరపడుతుంటే ఆమెకు అసలు విషయం తట్టింది. పదో రోజున గాజులు తీస్తారు. తీయడమంటే రాయితో చితక్కొట్టి తీయడం. గాజు మీద పడగల బరువులన్నీ ఆమె లెక్క వేసింది. వేడి, చలి, దెబ్బ, రాపిడి, ఉప్పుగాలి, ఏదీ వదల్లేదు. ఈ ఒక్క రాయీ లెక్కలోకి రాలేదు.

ఆ సాయంత్రమే రుక్మాంగదం గారు ఫోను చేశారు. పరామర్శించి, చాలాసేపు నీళ్ళు నమిలి, అన్నారు.

"ఇది అడగాల్సిన సమయం కాదమ్మా. అయినా ఎలాగూ తీసేస్తారు కదా. అన్ని నెలలు వాడిన వలయాలు మనకింకెక్కడా లేవు. వాటిని పారెయ్యకుండా చూడు. ఎలా తియ్యాలో నీకు తెలుసుగా."

తెలుసు. ల్యాబులో రోజూ చేసేదే. ఐసు ముక్క ఆనిస్తే గాజులోని పోగులు బిగుసుకుపోయి నిద్రపోతాయి, అప్పుడు చిన్న దెబ్బకే అది మామూలు గాజులా రెండు ముక్కలవుతుంది. ఆచారానికి అవి ఊడాలి, పరిశోధనకు అవి ఊడాలి. హైమ ఒక్క మాట చెబితే అందరి పనీ అయిపోతుంది. అత్తకేం కావాలో మాత్రం ఎవరూ అడగలేదు. హైమకూ అడిగే ధైర్యం రాలేదు.

పదో రోజు పొద్దున పెరట్లో నూతి దగ్గర ఆడవాళ్ళంతా చేరారు. ఆ పని చెయ్యవలసింది మావయ్య అక్క ఆదెమ్మ. గరివిడి నుంచి వచ్చింది. ఇరవై ఏళ్ళు నిండకుండానే మొగుడు పోయిన మనిషి. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు ఊళ్ళో లేరు. వేణత్తకు చివరిసారిగా పూలు పెట్టి, బొట్టు పెట్టి, పీట మీద కూర్చోబెట్టారు. ఆదెమ్మ గుండ్రాయి అందుకుంది.

ముందు ఎడమ చెయ్యి. ఎర్ర గాజులు ఒక్క దెబ్బకే గలగలా రాలిపోయాయి. పది రోజులుగా బిగబట్టిన వేణత్త అప్పుడు పెద్దగా ఏడ్చింది. నేల మీది ఎర్ర ముక్కల్ని అరచేత్తో దగ్గరకు పోగు చేసుకుంటూ, "ఎంచి ఎంచి తెచ్చినాడు," అంటూ ఏడ్చింది. గోడ పక్కన నిలబడ్డ హైమ కూడా కళ్ళు తుడుచుకుంది.

తర్వాత కుడి చెయ్యి.

ఆదెమ్మ కొట్టింది. టిక్‌మంది. గీత పడింది, పోయింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. ఇంకాస్త గట్టిగా కొడితే గాజు విడిపోయినట్టే విడిపోయి, మధ్యలో తీగలు సాగి, మెల్లగా వెనక్కొచ్చి ముడుచుకుంది. ఆడవాళ్ళు ఒకరి భుజం మీంచి ఒకరు వంగి చూశారు.

"సబ్బెట్టండి," అంది ఒకావిడ.

సబ్బు పెట్టారు. ఊడలేదు.

"సబ్బుకి రావులే, కొబ్బరి నూనె తేండి."

నూనె రాశారు. ఇద్దరు చెయ్యి పట్టుకుని, ఒకరు గాజు పట్టుకుని లాగారు. లాగినావిడ చెయ్యి జారి వెనకాల బకెట్లో కూర్చుంది.

"వొదినా, మీరెంత లాగినా నా సెయ్యి ఊడొచ్చెస్తాది గాని అవి రావు," అంది వేణత్త, కన్నీళ్ళు కారుతూండగానే.

ఎక్కడో వెనకవరసలో కిసుక్కున నవ్వు పుట్టింది. అది ఇంకొకరికి అంటుకుంది. బకెట్లో కూర్చున్నావిడ కూడా ఆపుకోలేకపోయింది. అంతలో ఎవరో, "గాజులుండిపోతే సన్యాసిరావు ఆత్మ ఈ గుమ్మం దాటుతాదా?" అన్నారు. నవ్వులు ఆగిపోయాయి.

ఆదెమ్మ రాయి కింద పెట్టింది.

"ఇవి సేసిన గుంటేది?" అంటూ ఆ పిల్ల కోసం చుట్టూ చూసింది.

అందరూ పక్కకు తప్పుకున్నారు. హైమ దాక్కోవడానికి గోడ తప్ప ఏమీ మిగల్లేదు.

"నువ్వే కదేటి ఇవి సేసినావు? ఇవి ఎలాగిరుగుతాయో నీకు తెల్దా?"

వంటవాళ్ళు మజ్జిగ కోసం తెచ్చిన ఐసు దిమ్మ నాలుగడుగుల దూరంలో ఊకలో ఉంది. తెలియదని అనేస్తే అయిపోతుంది. అబద్ధమే, కాని అత్త గాజులు అత్తకు ఉండిపోతాయి. హైమ అత్త వైపు చూసింది. అత్త తన కుడిచేతి వైపు చూసుకుంటోంది. ఆ గాజులు అబద్ధం మీద ఉండిపోతే, తీయడం చేతకాక వదిలేసిన గాజులవుతాయి అవి. అవి అత్త ఉంచుకున్న గాజులు కావు. రేపెవరైనా ఐసు సంగతి కనిపెడితే మళ్ళీ ఇదే పీట, ఇదే రాయి.

"తెలుసు పెద్దమ్మా," అంది హైమ. ఇంతమందిలో మాట్లాడటం ఆమెకు అదే మొదలు. "ఐసు పెట్టి కొడితే విరిగిపోతాయి. ఒక్క నిమిషం పని. కాని అత్త పెట్టమంటేనే పెడతాను."

ఎవరో వెళ్ళి చిన్న ఐసు ముక్క తెచ్చి ఆదెమ్మ చేతికిచ్చారు. ఆదెమ్మ దాన్ని పట్టుకుని వేణత్త వైపు తిరిగింది.

"సెప్పు."

వేణత్త ఎడమ చేత్తో ముక్కు తుడుచుకుంది. ఎర్ర ముక్కల కుప్పను చూపించింది.

"ఆయన కొన్నయి ఆయనతో పంపించీసినాను వొదినా. ఒక్కటి కూడా దాసుకోలేదు. ఇవి ఆయనివ్వలేదు. నా కోడలు తన సేతుల్తో సేసి ఇచ్చింది. ఆయనివి కానివి ఆయనకెందుకు?" కుడిచేతి గాజుల్ని తడుముకుంటూ అంది, "ఇవి తొడుక్కున్నప్పుడు ఆయనెంత నవ్వినాడో నీకు తెల్దు. రాయెట్టుకుని, సిన్న పిల్లోడిలాగ, ఇంకోపాలి, ఇంకోపాలి అని. నాకుంచీ వొదినా."

ఆదెమ్మ ఐసు ముక్కను వేణత్త చేతి మీదకు తీసుకురానూ లేదు, పారెయ్యనూ లేదు. గుప్పిట మూసుకుని అలాగే నిలబడింది. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పీట మీద పడుతున్నాయి. వంటవాడు వచ్చి ఏదో అడగబోయి వెనక్కి తగ్గాడు. చివరికి ఆదెమ్మ గుప్పిట తెరిచి చూపించింది. తడి తప్ప ఏమీ లేదు.

"నీళ్ళయిపోయింది," అంది. "ఇక లెగండి. బోజనాలకి ఆలీసమవుతంది."

ఐసు దిమ్మలో ఇంకా చాలా మిగిలి ఉందని అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

*

"వలయాలు రావు సార్," అని హైమ రుక్మాంగదం గారికి చెప్పినప్పుడు, జరిగిందంతా కూడా చెప్పింది.

"మా అమ్మ గాజులు తీసినప్పుడు నేను పక్క గదిలో పుస్తకం చదువుకుంటున్నాను," అన్నారాయన. ఆ విషయం అక్కడితో వదిలేసి ఇంజనీరైపోయారు. "సరే. వలయాలు రాకపోతే నువ్వే కొలిచే సామాన్లు పట్టుకుని అక్కడికి వెళ్ళు. ఇంకో లోటు కూడా ఉందమ్మా మన పనిలో. మీ అత్తగారిది పిండిమిల్లు చెయ్యి, ఎప్పుడూ కాలుతూ ఉంటుంది. పెద్దవాళ్ళ చేతులు చల్లగా ఉంటాయి. అంత చల్లటి చేతి మీద ఇది అతుక్కుంటుందా లేదా? రేపు ఆసుపత్రులకో ఇళ్ళకో ఇస్తే మొదట వాడేది వాళ్ళే. మనం చూడలేదు."

అలా హైమ మరికొన్ని వలయాలూ, ఒంటి వేడి కొలిచే పరికరమూ తీసుకుని మళ్ళీ నీలంపేట వెళ్ళింది. మిల్లు తిరుగుతోంది. దూరం నుంచే వేణత్త గొంతు, ఆ గొంతుకు తాళం వేస్తున్నట్టు కుడిచేతి గాజుల చప్పుడు వినిపించాయి. చేతులూపుతూ ఎవరినో చెడామడా తిడుతోంది. హైమకు ప్రాణం లేచొచ్చింది.

మరదల్ని ఒంటరిగా వదలలేక ఆదెమ్మ అక్కడే ఉండిపోయింది. జల్లెడ ముందు పెట్టుకుని కూర్చుని, పిండి జల్లిస్తూ, హైమ అత్త చేతి మీద అతికించే తీగలూ, నొక్కే మీటలూ కన్నెత్తకుండానే గమనిస్తోంది.

"ఏటి సూస్తన్నావే?" అంది చివరికి.

"వేడి చూస్తున్నాను పెద్దమ్మా. ఎంత వేడికి ఎంతసేపట్లో అతుక్కుంటుందో."

"అందరికీ అంటుకుంటాదా?"

"తెలీదు. పెద్దవాళ్ళ చేతులు చల్లగా ఉంటాయి. ఇంకా ఎవరి మీదా చూడలేదు."

ఆదెమ్మ జల్లెడ ఇంకో నాలుగుసార్లు తిప్పింది. ఆపింది. పిండి అంటిన కుడి చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఎవరి వైపూ చూడకుండా, ఎవరికో ఉపకారం చేస్తున్నదానిలా ముందుకు చాపింది.

"నా సెయ్యి ఐసులాగుంటాది. పరీచ్చకి పనికొస్తాదేమో సూసుకో."

మిల్లు ఆగిపోయింది. వేణత్తే ఆపింది. హైమ రుమాలు విప్పి ఒక ఆకుపచ్చ వలయం తీసింది. సన్నబడ్డ ఆ ముడతల చేతికి సబ్బుతో పని లేకపోయింది. వేళ్ళ మీంచి మెత్తగా జారి మణికట్టు దగ్గర ఆగింది. హైమ తూకం రాయితో తట్టింది. గీత పడింది. ముగ్గురు ఆడవాళ్ళూ తలలు దగ్గరగా వంచి కాచుకున్నారు. గీత పోలేదు. అప్పుడు వేణత్త రెండు అరచేతులతో వదినె మణికట్టును గట్టిగా చుట్టి పట్టుకుంది. మిల్లు దగ్గర వేడెక్కిన చేతులు అవి. కాసేపాగి తెరిచి చూసేసరికి గాజు నిండుగా ఉంది.

"పెద్దవాళ్ళ చేతి మీద కాస్త ఆలస్యంగా అతుక్కుంటుంది, అంతే," అంది హైమ. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. "పరీక్ష అయిపోయింది పెద్దమ్మా. తీసెయ్యమంటావా?"

ఆదెమ్మ చెయ్యి వెలుగులోకి ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఆడించింది. మరోసారి గట్టిగా ఆడించింది. మొహం చిట్లించింది.

"ఒక్కటే అయితే మోగదే గుంటా," అంది. "ఇంకోటియ్యి."